కుర్చీలో పెద్దాయన

శుక్రవారం పొద్దున పద్మనాభం పెట్టుకున్న పని చాలా చిన్నది. ద్వారకలో మెట్రో ఎక్కాలి, ఆఫీసుకు చేరాలి, జాయింట్ సెక్రటరీ రాధాకృష్ణమూర్తి గారి గదిలోకి వెళ్ళి షిల్లాంగ్ బదిలీని బోర్డు పరీక్షలయ్యేదాకా ఆపమని అడగాలి, నోరు మూసుకుని బయటికి రావాలి. అర్జీ ముందురోజే పెట్టాడు. కూతురు నవ్యశ్రీ పన్నెండో తరగతి. చదువు మధ్యలో బడి మారిస్తే పిల్ల ఏమైపోతుందని భార్య ఉష వారం రోజులుగా నిద్రపోవడం లేదు. అతనికీ అదే దిగులు.

"అడగాల్సింది అడిగి వచ్చెయ్యండి. అక్కడ సినిమా ఊసెత్తారంటే మాత్రం నేనూరుకోను" అంది ఉష, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"పప్పా, ప్లీజ్, ఆజ్ భూత్ నహీ" అంది నవ్యశ్రీ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆ భూతం పేరు 'మూతపడిన మేడ'. ఎప్పటిదో నలుపు తెలుపు దెయ్యాల సినిమా. అప్పట్లో జనం చూసి జడుసుకున్నారు, తర్వాత మర్చిపోయారు. పద్మనాభం ఒక్కడే మర్చిపోలేదు. పాపం, అతని తప్పూ లేదు. సెక్షన్ ఆఫీసరుగా అతని ఉద్యోగమే అది. పై అధికారి 'చూశాను' అని రాస్తే ఒప్పుకున్నట్టా, ఒళ్ళుమండినట్టా, ఉత్తినే చూసినట్టా అని ఏళ్ళ తరబడి తేల్చీ తేల్చీ, ఇంటికొచ్చాక కూడా ఆ బుర్ర ఆగేది కాదు. ఆ మేడలో గొళ్ళెం ఎందుకు వేలాడుతోంది, జమీందారు కుర్చీ పడమటికి ఎందుకు తిరిగింది, పనిమనిషి తల మీదుగా కొంగు ఎందుకు కప్పుకుంది అని ఆలోచిస్తూ పెసరట్టు చల్లార్చుకునేవాడు. ఈ లోకంలో ఏదీ ఊరికే ఉండదని అతని గట్టి నమ్మకం. ఆఫీసులో కూడా ఆ మాట అనని రోజు లేదు.

మెట్రో జనక్‌పురి దాటుతుండగా అతనికి కుర్చీ రహస్యం తట్టింది. పాత సినిమాల వాళ్ళ వాట్సాప్ గుంపు ఒకటుంది. సినిమా పేరుతో సహా తన సిద్ధాంతంలో మొదటి సగం రాత్రే అందులో పెట్టాడు. మిగతా సగం ఇప్పుడు టపటపా కొట్టి పంపేశాడు. "కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఎప్పుడో పోయాడు. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలియదు. గోడ మీద గడియారం ఆగిపోవడం గమనించండి. అర్జీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళే అసలు బతికున్నవాళ్ళు."

పంపినది మాత్రం ఆ గుంపులోకి కాదు. ఆఫీసులోని తెలుగువాళ్ళ గుంపులోకి. ఉగాది శుభాకాంక్షలకూ, ఏపీ భవన్ క్యాంటీన్‌లో గోంగూర ఉందో లేదో కనుక్కోవడానికీ తప్ప ఎవరూ వాడని ఆ గుంపులో రాధాకృష్ణమూర్తి గారు కూడా ఉన్నారు.

రాజీవ్ చౌక్‌లో జనం తోసుకుంటుంటే ఈ సంగతి చూసుకుని, గుండె గుభేలుమని, పద్మనాభం గబగబా దాన్ని చెరిపేశాడు. ఆ తొక్కిసలాటలో అతని బొటనవేలు నొక్కింది 'నా వరకు చెరుపు' అన్నదాన్ని. అంటే అతనికి తప్ప అందరికీ కనిపిస్తూనే ఉంది. అది తెలియక, మర్యాద కోసం ఇంకో ముక్క కూడా పెట్టాడు: "క్షమించండి. ఇది ఇక్కడ బయటపెట్టవలసిన విషయం కాదు."

ఆఫీసుకు చేరేసరికి డిప్యూటీ సెక్రటరీ గారి చెవిన పడనే పడింది. ఆయనకు తెలుగు రాదు. సారాంశం చెప్పమని పద్మనాభం పక్క బల్ల కేశవరావును అడిగారు. కేశవరావు సారాంశాలకు పెట్టింది పేరు. ఎంత పొడుగు కాగితమైనా పిండి వడియాలు పెట్టేస్తాడు. 'పెద్ద కుర్చీలోని అధికారి మృతుడితో సమానం. గడియారం పనిచేయుట లేదు. అర్జీదారులు ఇబ్బంది పడుచున్నారు' అని హిందీలో చెప్పేశాడు.

ఇక మిగతా సెక్షన్ ఊరుకుంటుందా? అందరూ ఫైళ్ళు చదివి బతికేవాళ్ళే. కుర్చీ అంటే జాయింట్ సెక్రటరీ కుర్చీ అని అటెండర్‌తో సహా అందరికీ తెలిసిపోయింది. పడమటి కిటికీ ఆయన గదిలోనూ ఉంది. గోడ గడియారమైతే దీపావళి నుంచీ ఆగే ఉంది, సెల్లు మార్చమని మెయింటెనెన్స్ వాళ్ళకు రాస్తే జవాబు రాలేదు. అర్జీ పట్టుకున్నవాడు పద్మనాభమే. బదిలీ ఆపలేదన్న కోపంతో తెగించాడని తేల్చేశారు. యూనియన్ నాయకుడొకాయన వచ్చి కరచాలనం చేసి, కళ్ళతోనే జోహార్లర్పించి వెళ్ళాడు.

"అది సినిమా గురించి రాశానయ్యా కేశవరావూ. అందులో ఏ అర్థమూ లేదు" అన్నాడు పద్మనాభం, ముచ్చెమటలు పోస్తుంటే.

"అర్థం లేకుండా ఎలా ఉంటుందండీ? ఏదీ ఊరికే ఉండదని మీరేగా రోజూ చెప్తారు" అన్నాడు కేశవరావు ఎంతో గౌరవంగా.

అంతలో ఉష ఫోన్ చేసింది. కేశవరావు భార్య ద్వారా కబురు ఇంటికి చేరిపోయింది. ఉష తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పిల్లకింకా చెప్పలేదండీ" అని మాత్రం అని పెట్టేసింది. పద్మనాభానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన పిచ్చికి కూతురి చదువు బలైపోతోందనుకున్నాడు.

జాయింట్ సెక్రటరీ పిలుస్తున్నారని పీఏ వచ్చి చెప్పాడు, ఆసుపత్రిలో మాట్లాడినంత మెల్లగా.

లోపలికి వెళ్ళాక పద్మనాభం కూర్చోలేదు. ఆయన నోరు విప్పేలోపే మొదలుపెట్టాడు. అదంతా ఒక పాత సినిమా గురించనీ, అందులో మర్మాలేవీ లేవనీ, కుర్చీ అటు తిరిగింది వెలుతురు కోసమనీ, గడియారం ఆగింది కీ ఇవ్వక అనీ చెప్పేశాడు. ఇన్నేళ్ళ నమ్మకాన్ని తన నోటితోనే ముక్కలు చేస్తుంటే లోపల ప్రాణం పోతున్నట్టే ఉంది. అయినా నవ్యశ్రీ ముఖం గుర్తు తెచ్చుకుని ఆగకుండా చెప్పాడు.

రాధాకృష్ణమూర్తి గారి ముఖం వాడిపోయింది.

"ఏ అర్థమూ లేదంటారా? చదవగానే 'మూతపడిన మేడ' అని పోల్చుకున్నానండీ. చిన్నప్పుడు తెనాలిలో చూసి మూడ్రోజులు జ్వరం తెచ్చుకున్నాను. మరి మెట్ల దగ్గర అద్దం గోడవైపు తిప్పి ఉంటుంది కదా, అదీ ఊరికేనేనా?"

పద్మనాభం ఊపిరి బిగపట్టాడు. ఆ అద్దాన్ని అతను ఎన్నడూ గమనించలేదు. ఉష మాట గుర్తుచేసుకున్నాడు, పళ్ళు బిగించాడు, తలుపు వైపు చూశాడు. ఇక వల్ల కాలేదు.

"ఏ అద్దం సార్?" అన్నాడు, కుర్చీ లాక్కుంటూ.

లోపలికి టీలు వెళ్ళాయి. పదకొండున్నర మీటింగు వాయిదా పడింది. మూసిన తలుపును చూసి బయట అందరూ పద్మనాభానికి నూకలు చెల్లాయనుకున్నారు. అతను లేచేసరికి లంచ్ వేళయింది. గుమ్మం దాకా వచ్చాక గాని అసలు సంగతి అడగనేలేదని గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి, "సార్, షిల్లాంగ్..." అన్నాడు.

"అదా? నిన్ననే సంతకం పెట్టి పంపించేశానుగా. పన్నెండో క్లాసు పిల్లనెవరైనా కదుపుతారా?" అన్నారాయన, ఫోనులో ఆ సినిమా వెతుక్కుంటూ.

ఫైలు పొద్దుటి నుంచీ కేశవరావు బల్ల మీదే ఉంది. అర్థాలు తియ్యడంలో పడి ఎవరూ దాన్ని విప్పలేదు. పద్మనాభం నిలబడే ఆ పేజీ చదివాడు, వరండాలోకి వెళ్ళి ఉషకు ఫోన్ చేశాడు. పిల్ల ఇక్కడే పరీక్షలు రాస్తుందని అతను చెప్పగానే అవతల ఉష ఏడ్చింది, ఆ వెంటనే సినిమా ఊసెత్తారా అని అడిగింది.

లోపల కేశవరావు మాత్రం, ఆ సంతకం నీలం సిరాతో కాక ఆకుపచ్చ సిరాతో ఎందుకు పెట్టినట్టు అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాడు.