రెండు మిల్లీగ్రాముల తేడా

ఆ గురువారం ఉదయం తూనికలాయన వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఏడింటికి వీధి చివరిదాకా నడిచి రావాలి. వచ్చాక అయిదు మాత్రలు మింగాలి. పదింటికి ఆఫీసుకు వెళ్లి, దుకాణాలవాళ్లు తెచ్చిన తూనికరాళ్లను సరిచూసి ముద్రలు వేయాలి. పదకొండు నెలల క్రితం గుండెకు బైపాస్ ఆపరేషన్ అయిన దగ్గరనుంచీ ఆయన రోజు ఇంతే. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా బజార్లన్నీ తిరిగాడు. కాటాల కింద అతికించిన అయస్కాంతాలు, అడుగున సీసం తోడేసిన రాళ్లు లెక్కలేనన్ని పట్టుకున్నాడు. అంతకాలం అదే పని చేసిన మనిషికి ఒక చూపు అలవాటవుతుంది. ఎవరైనా ఊరికే నవ్వినా సరే, ఎందుకు నవ్వాడా అని కొలపాత్ర అడుగు తిప్పి చూసినట్టు చూసేవాడు.

అందుకే, నడక నుంచి వచ్చేసరికి హాల్లో బరువు చూసే మిషను కనబడగానే ఆగిపోయాడు.

"పక్కింటి నుంచి తెచ్చాను. ఒకసారి ఎక్కండి," అంది భార్య. ఆవిడ ఇంటి ముందుగదిలోనే కుట్టుపని చేస్తుంది. మెళ్లో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది.

"ఎందుకు?"

"చొక్కా కుడదామని."

తూనికలాయన వంగి ముందు ముల్లు చూశాడు. సున్నాకి అరకిలో పైన ఉంది. దాన్ని సరిచేసిగానీ ఎక్కలేదు. ఊళ్లో తక్కెడలన్నిటినీ గడగడలాడించినవాడు తానే తూకానికి నిలబడ్డాడు. ఆవిడ అంకె చూసి చీటీ మీద రాసుకుంది. తర్వాత నడుము కొలిచింది. ఆ తర్వాత స్టూలెక్కి, నడినెత్తి నుంచి మడమల దాకా టేపు వదిలింది.

"చొక్కా మడమల దాకా కుడతావా?"

"కదలకండి. మీ నాన్నగారు ఎన్నో ఏట పోయారు?"

"అరవై ఒకటి. చొక్కాకీ మా నాన్నకీ ఏమిటి సంబంధం?"

"గుండేనా?"

"గుండే."

ఆవిడ అదీ రాసుకుంది. చీటీ మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ సొరుగుకి తాళం ఉందన్న సంగతే ఆయనకు తెలియదు.

"సాయంత్రం తమ్ముడి స్టూడియోకి వెళ్లి ఓ ఫొటో దిగి రండి," అంది, ఆయన ముఖంలోకి చూడకుండా.

బావమరిది మంచివాడే గానీ, అబద్ధం ఆడాల్సి వస్తే చెవులు ఎర్రబడతాయి. తూనికలాయన స్టూడియోలో అడుగుపెట్టేసరికే అవి ఎర్రగా ఉన్నాయి.

"ఫొటో ఎందుకురా?"

"ఊరికే బావగారూ. పెద్దది చేయించి గోడకి పెడదామని."

"ఎవరి గోడకి?"

"మీ ఇంటి గోడకే."

"ఇంట్లో నేనే ఉంటానుగా. మళ్లీ ఫొటో ఎందుకు?"

"మీరున్నన్నాళ్లూ అక్కర్లేదనుకోండి," అనేసి, బావమరిది గబుక్కున కెమెరా వెనక్కి వెళ్లిపోయాడు. "కొంచెం గడ్డం ఎత్తండి. నవ్వకండి."

నవ్వే ఉద్దేశం ఆయనకు ఎలాగూ లేదు.

శుక్రవారం ఉదయం స్నానానికి వెళ్తూ ఆయన తువ్వాలు కోసం వెనక్కి వచ్చాడు. పెరటి గుమ్మం దగ్గర ఆవిడ ఫోనులో మెల్లగా మాట్లాడుతోంది.

"లేదండీ, ఆయనకేమీ తెలీదు... అవునండీ, ఆలస్యమైన కొద్దీ కష్టమని నాకూ తెలుసు... ఇప్పటికి నలుగురు కుదరదన్నారు. మీరైనా ఎలాగోలా... సంతకం సంగతి నేను చూసుకుంటాను. రేపు పదకొండింటికి వస్తాను."

తూనికలాయన తువ్వాలు లేకుండానే స్నానాలగదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాడు. తూకం వేశారు, నిలువు కొలిచారు, గోడకి ఫొటో సిద్ధం చేశారు. నలుగురు ఒప్పుకోని పనికి అయిదోవాడు దొరికాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇన్ని ఆధారాలు ఒక్కచోట దొరికిన కేసు ఇంకొకటి లేదు. ఇక తేలాల్సింది ఒక్కటే, పని ఎలా జరుగుతుందన్నది. ఆ సమాధానం కూడా, చెంబులో నీళ్లు నెత్తిన పోసుకుంటుండగా తట్టింది. రోజూ మాత్రలు తీసి చేతిలో పెట్టేది ఆవిడే.

ఆ ఉదయం మాత్రలు నోట్లో వేసుకున్నట్టు నటించి జేబులో వేసుకున్నాడు. ఆఫీసులో గాజుపెట్టె లోపల ఒక సున్నితపు త్రాసు ఉంటుంది. బంగారం కొట్లవాళ్ల రాళ్లు సరిచూసేది దానిమీదే. తలుపు దగ్గరగా వేసి, చిన్న పట్టకారుతో ఒక్కో మాత్రా ఎత్తి దానిమీద పెట్టాడు. దారిలో మందులషాపులో కొన్న కొత్త మాత్రలతో పోల్చి చూశాడు. నాలుగు సరిపోయాయి. అయిదోది, చిన్న తెల్ల మాత్ర, రెండు మిల్లీగ్రాములు తేడా వచ్చింది. మూడుసార్లు తూచినా అంతే. ఇంతకంటే చిన్న తేడాకి ఆయన దుకాణాలకు నోటీసులిచ్చిన రోజులున్నాయి. మాత్రల్ని కవరులో వేసి, అంటించి, పైన తేదీ, వివరం రాశాడు. అలవాటు కొద్దీ లక్క ముద్ర కూడా వేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని, చేయి కడుక్కుని, కదలకుండా ఉండిపోయాడు.

"తినరేం?"

"ముందు నువ్వు తిను."

ఆవిడ చిత్రంగా చూసింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నోట ఆ మాట రాలేదు. ఎదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తింది. ఆయన ప్రతి ముద్దా గొంతు దిగేదాకా చూశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

తూనికలాయన మనసులో గుర్తు వేసుకున్నాడు. పశ్చాత్తాపం.

శనివారం ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఆ రోజు మాత్రలు కూడా జేబులోకే వెళ్లాయి. పదింపావుకి ఆవిడ చీర మార్చుకుని, సంచిలో ఒక ఫైలు పెట్టుకుంది.

"దారం రీళ్లు అయిపోయాయి. బజారుకెళ్లి వస్తాను."

ఆవిడ గేటు దాటగానే ఆయన బీరువా తీసి చూశాడు. దారం రీళ్లు అరనిండా ఉన్నాయి. చెప్పులు వేసుకుని బయల్దేరాడు. బస్సులో ఆవిడ ముందు, ఈయన వెనక, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని. నాలుగో స్టాపులో ఆవిడ దిగి, ఒక పాత ఆఫీసు భవనంలోకి వెళ్లింది. లిఫ్టుకి 'పని చేయదు' అని కాగితం అంటించి ఉంది. ఒక అంతస్తుకి మించి మెట్లు ఎక్కవద్దని డాక్టరు ఆయనకు గట్టిగా చెప్పాడు. ఆ మాట ఆయనకు మూడో అంతస్తు చేరాక గుర్తొచ్చింది.

సగం తెరిచిన గాజుతలుపు లోపల భార్య కూర్చుని ఉంది. బల్లకి ఆవలివైపు ఒక మేనేజరమ్మ, ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని కాగితాలు తిరగేస్తోంది.

"బరువు, ఎత్తు రాశారు. తండ్రిగారి వివరం కూడా ఉంది," అంటోంది మేనేజరమ్మ. "మెట్లు ఎక్కగలరా?"

"పది మెట్లు ఎక్కితే ఆయాసపడతారండీ."

"ఎన్నాళ్లు ఉంటారని డాక్టర్లు..."

తూనికలాయన ఇక ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "ఆ మాటేదో నా ఎదురుగా చెప్పండి. నా తూకం ఎవరికి అమ్ముతున్నారో నేనూ వింటాను."

"మీరెవరు?"

"ఈవిడ భర్తని."

ఆవిడ బిత్తరపోయి లేచింది. "మీరెందుకొచ్చారు? మీరు ఇక్కడికి రాకూడదు కదా."

ఆవిడ అన్నది మెట్ల గురించి. మేనేజరమ్మకు అది వేరేగా వినపడింది. కళ్లజోడు పైకి తోసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. పది మెట్లకే ఆయాసపడే మనిషి మూడంతస్తులు ఎక్కి వచ్చి కేకలేస్తున్నాడు. మేనేజరమ్మ ఫైల్లోంచి ఫొటో తీసి, ఆయన పక్కన పెట్టి చూసింది. బావమరిది ప్రేమ కొద్దీ ఆ ఫొటోలో జుట్టు నల్లగా దిద్దాడు. కళ్ల కింద సంచులు తీసేశాడు. లోతుపడ్డ బుగ్గలు నింపాడు.

"ఇందులో ఉన్నది మీరు కాదు."

తూనికలాయన ఆఫీసు గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పడేశాడు. అది ఉద్యోగంలో చేరిన ఏడాది కార్డు. అందులో ఉన్నవాడికి గుబురు మీసాలు, గిరజాల జుట్టు.

మేనేజరమ్మ ఫొటోనీ కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "ముగ్గురయ్యారు. ఇందులో మీ ఆయన ఎవరో చెప్పండమ్మా," అంది. "జబ్బుమనిషిని ఇంట్లో దాచిపెట్టి, బాగున్నవాణ్ణి తీసుకొచ్చేవాళ్లని చాలామందిని చూశాను. మీరేమో జబ్బుందని మీరే రాసి, బాగున్నవాణ్ణి తెచ్చారు. ఇది ఏ రకం మోసమో నాకింకా అంతుపట్టలేదు. పోలీసుల్ని పిలవమంటారా?"

ఒకరు తనని అనుమానిస్తే ఎలా ఉంటుందో తూనికలాయనకు యాభై నాలుగేళ్లు వచ్చాక ఆ గదిలో తెలిసింది. అప్పుడే ఆయన చూపు గోడ మీది బోర్డు మీద పడింది. జీవిత బీమా.

ఆ జబ్బుమనిషి తానేనని ఎలా చూపాలో తోచక చొక్కా పై గుండీలు విప్పాడు. మెడ కింద నుంచి ఛాతీ నడిమిదాకా కుట్లగాటు బయటపడింది. మేనేజరమ్మ ముఖం పక్కకి తిప్పుకుని, పక్కగదిలో ఉన్న కంపెనీ డాక్టర్ని పిలిచింది. ఆయన వచ్చి, స్టెతస్కోపు పెట్టి, రెండు నిమిషాలు విన్నాడు.

"ఆపరేషన్ నిజమే. మనిషి కూడా అసలు మనిషే. కూర్చోండి ముందు," అన్నాడు డాక్టరు. "గుండె ఇలా పరిగెడుతోందేం? మాత్రలు వేసుకున్నారా?"

తూనికలాయన చేయి జేబు మీదికి వెళ్లింది.

"రోజూ నేనే ఇస్తానండీ. ఇవాళ కూడా ఇచ్చాను," అంది భార్య.

తూనికలాయన జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ఇవాళ్టి మాత్రలు అయిదూ పెట్టాడు. ఆవిడ కవరు తీసి చదివింది. స్వాధీనం, అయిదు మాత్రలు. తేడా, రెండు మిల్లీగ్రాములు. కింద లక్క ముద్ర.

డాక్టరు తొంగిచూశాడు. "మాత్రల్లో ఆ మాత్రం తేడా మామూలేనండీ. తయారుచేసేవాళ్లకి అంత వెసులుబాటు ఉంటుంది."

ఆవిడ కవరు బల్ల మీద పెట్టేసింది.

"నిన్న నన్ను ముందు తినమన్నది కూడా ఇందుకేనా?" అంది భార్య.

ఆయన బల్ల అంచు చూస్తూ కూర్చున్నాడు.

"నేను ఇంకేదో అనుకున్నాను," అంది ఆవిడ, చాలా మెల్లగా.

కేకలేసి ఉంటే ఆయన తట్టుకునేవాడు. దొంగరాళ్లు దొరికినప్పుడు దుకాణందారులు తలలెందుకు వేలాడేస్తారో ఇప్పుడు తెలిసింది. ఆవిడ గ్లాసులో నీళ్లు పోసి ముందుకు జరిపింది. అయిదు మాత్రలూ చేతిలో పెట్టింది. ఆయన వాటివైపు చూడకుండా ఒకేసారి మింగేశాడు.

తర్వాత ఆవిడ ఫైలు ఆయన ముందుకు తోసింది. నాలుగు కంపెనీల ఉత్తరాలున్నాయి. నాలుగూ ఒకే మాట, గుండెజబ్బు కారణంగా వీలుపడదని. అయిదో దరఖాస్తు ఆవిడ చేతిరాతతో నిండి ఉంది. ఒక్క జబ్బూ దాచలేదు. 'అలవాట్లు' అన్నచోట ఇలా ఉంది: పొగ తాగరు. మద్యం తాగరు. అనుమానం ఎక్కువ.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా," అన్నాడు తూనికలాయన.

"చెబితే ఒప్పుకునేవారా? బీమా ఏజెంటు ముందుగుమ్మంలో కనబడితే వెనకగుమ్మంలోంచి వెళ్లిపోయారు. ఒకసారా రెండుసార్లా? మీరు పోతారని వాళ్లు పందెం కడుతున్నారని మీరే అన్నారు. హాస్టల్లో ఉన్న పిల్ల చదువు ఇంకా మూడేళ్లుంది. రవికెలు కుట్టి ఎంతని లాగను?"

"అయితే నేను పోతాననే నమ్మకానికి వచ్చేశావన్నమాట."

"నమ్మకమా? భయమండీ. పదకొండు నెలలుగా రోజూ తెల్లారి లేచి, ముందు మీ ఛాతీ కదులుతోందో లేదో చూసి, అప్పుడు దుప్పటి మడతపెడుతున్నాను."

తూనికలాయనకు ఆ సంగతి తెలియదు. పొద్దున్నే ఆవిడ తనవైపు తేరిపార చూడటం ఆయన రెండు మూడుసార్లు గమనించాడు. దానికి కూడా ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాడు.

మేనేజరమ్మ గొంతు సవరించుకుంది. "మామూలు పాలసీ ఈయనకి రాదమ్మా, అబద్ధం చెప్పను. ఆరోగ్యం గురించి ఏమీ అడగనిది ఒకటుంది. వచ్చేది తక్కువ, కట్టేది ఎక్కువ."

"ఏమీ అడగరా?" తూనికలాయన తలెత్తాడు. "ఎందుకడగరు?"

"అడిగితే ఇవ్వలేం కాబట్టి."

ఆ జవాబులో ఆయనకు లొసుగు దొరకలేదు. కాగితం తీసుకుని, జేబులోంచి భూతద్దం తీసి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు మొదలుపెట్టాడు. డాక్టరు టీ తాగి వచ్చాడు. మేనేజరమ్మ ఇంకో ఇద్దరితో మాట్లాడి పంపింది. ఏడో షరతు దగ్గర భూతద్దం ఆగింది.

"రెండేళ్లలోపు నేను జబ్బుతో పోతే, కట్టిన డబ్బే వెనక్కిస్తారా?"

"అంతే. రెండేళ్లు దాటితేనే మొత్తం వస్తుంది."

"అంటే నేను రెండేళ్లు బతికి తీరాలి."

"కంపెనీ కోరేది అదేనండీ."

తూనికలాయన భార్యవైపు చూశాడు. ఆవిడ కలం మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తండ్రి పేరు, తన పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. మేనేజరమ్మ దాన్ని గుర్తింపు కార్డు మీది సంతకంతో పోల్చి చూసి, మొదటిసారి తల ఊపింది.

మెట్లు దిగేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆయన్ని ఆపి కూర్చోబెట్టింది. బస్సులో కిటికీ పక్క సీటిచ్చింది. రెండు స్టాపులు దాటాయి.

"ఏడో షరతు బాగా చదివారు కదా?" అంది చివరికి.

"చదివాను. రెండేళ్లు."

"అది కంపెనీ లెక్క," అంది ఆవిడ. ఇంటి స్టాపు వచ్చేలోపు ఆ రెండేళ్లని ఇరవై చేసి ఆయన్ని ఒప్పించింది, చిన్న అక్షరాలేమీ లేకుండా.