గొడుగు కింద కాపురం

పన్నుల విషయంలో మా బాబాయిని బోల్తా కొట్టించే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆయన పరాయి దేశం వచ్చి, ఇక్కడే స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. రూలుందంటే రైలునైనా ఆపుతాడు, పిన్నినైనా ఆపుతాడు.

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, పెన్షన్ మొదలయ్యాక మొదటి పన్ను ఫారం నింపి, ఓ కునుకు తీయడం. కాఫీ సగంలో ఉండగా ఒక బుద్ధిమంతుడు ఆయన చెవిలో ఓ రూలు ఊదాడు. ఈ దేశంలో మొగుడూ పెళ్ళాం విడివిడిగా ఫారాలు పెడుతూ, ఆ ఏడాదిలో ఒక్కరోజు కలిసి కాపురం చేసినా సరే, పెన్షన్ మీద మినహాయింపు హుళక్కి!

బాబాయి పెళ్ళయిన దగ్గర్నుంచీ విడిగానే ఫారం పెడుతున్నాడు. కాఫీ కంటే ముందు ఆయన చల్లబడిపోయాడు.

"మరి దారి?"

"ఇద్దరూ ఒకే ఇంటి కప్పు కింద లేకపోతే సరి. ఇంట్లో చెప్పొద్దు, ఇద్దరూ కుమ్మక్కయ్యారని పన్నులవాళ్ళు అనుకుంటారు."

అంతే, మంచం కారు షెడ్డులోకి నడిచింది. కుట్టుమిషను దగ్గర జాకెట్టు కుడుతున్న పిన్ని తలెత్తింది.

"ఏమండీ, మంచమెక్కడికి?"

"అడక్కు. నీ మంచికే."

ఆయన "నీ మంచికే" అన్న ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో ఒకటి పగిలింది. పిన్ని కాలు మిషను మీదే ఆగిపోయింది.

పక్కింటి నర్సు గోడ మీంచి తొంగి చూసింది. "అన్నయ్యగారూ, షెడ్డులో పడకేంటి?"

"మేం వేరుగా ఉంటున్నామమ్మా. ఎవరైనా అడిగితే నువ్వే సాక్షి."

ఆవిడ ఆ కబురు మోసుకుని డ్యూటీకి వెళ్ళింది. ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నవాళ్ళు కూడా "అయ్యో పాపం" అన్నారట.

మధ్యాహ్నానికల్లా పిన్ని అన్నయ్య ఓ ఆడిటర్‌ని వెంటేసుకుని దిగాడు, వాటాలు తేల్చడానికి. పిన్ని సర్దిన పెట్టె మీద కూర్చుని ఉంది.

"పెన్షన్ రాగానే నేను బరువయ్యానా అన్నయ్యా?"

ఆ మాట షెడ్డుదాకా వినపడింది. బాబాయి మంచం దిగాడు. పరిగెత్తుకెళ్దామంటే ఇంట్లో ఇద్దరి మీదా ఒకే కప్పు! ఎర్రటి ఎండలో గొడుగు తెరిచి లోపలికొచ్చాడు. గుమ్మంలో గొడుగు ఇరుక్కుంది, ముడిస్తే రూలు పోతుంది. పక్కకి వంగి, ఊచలు వంచి, మొత్తానికి హాల్లోకి వచ్చిపడ్డాడు.

"దగ్గరికి రాకు! నా కప్పు వేరు, నీ కప్పు వేరు!"

"బావా, మతి గానీ పోయిందా?"

బాబాయి గొడుగు కిందనుంచే అంతా కక్కేశాడు. "నిన్ను వదిలేస్తానా పిచ్చిదానా? ఇద్దరం తినేది ఆ పెన్షనే కదా అని..."

ఆడిటర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మాస్టారూ, నిన్నటిదాకా ఎక్కడ పడుకున్నారు?"

"ఇంట్లోనే."

"అయితే ఆ రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడు షెడ్డెక్కినా, చెట్టెక్కినా ఒకటే. హాయిగా ఇద్దరూ కలిపి ఒకే ఫారం పెట్టండి, మినహాయింపు ఎక్కడికీ పోదు. ఆవిడ సంతకం కావాలంతే."

ఏడుస్తున్న పిన్ని టక్కున ఆగింది. కలం అందుకుని, పెట్టె మీద ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

"పెడతాను. ముందు షెడ్డు సలహా ఇచ్చిన మహానుభావుడెవరో చెప్పండి."

గొడుగు ముడుచుకుంది. దాని మొన మెల్లగా వంటింటి తలుపు వైపు తిరిగింది. తలుపు వెనక, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నది నేనే.

ఒప్పుకుంటున్నాను. రూలు నిజమే, కప్పు ముక్క మాత్రం నా సొంతం. ఆ మొనగాడు పుట్టి ఇరవై రెండేళ్ళయింది. ప్రస్తుతం కారు షెడ్డులో ఉంటున్నాడు.