పాస్‌పోర్టుకు తొడిగిన చొక్కా

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గుమ్మంలో నిలబడితే సగం మాటలు వీధిలోకి పోతాయి. మా చెల్లెలు మొదటిసారి ఓడ ఎక్కబోయిన సంగతి చెబుతాను. వింటుంటే మీకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. నాకు ఇప్పటికీ ఆరలేదు.

మా చెల్లెలు ఆస్పత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పని చేసి రిటైరయింది. పెళ్ళయిన కొత్తలో చేరి, మోకాళ్ళు అరిగాక బయటికి వచ్చింది. రక్తపు దుప్పట్లు, మందు మరకల దిండు గలేబులు, డాక్టర్ల తెల్లకోట్లు ఎన్ని ఉతికిందో ఆ దేవుడికే తెలియాలి. దాని వేలికొసలు ఎప్పుడు చూసినా నానబెట్టిన గింజల్లా ముడతలు పడి ఉండేవి. అలాంటి మనిషికి ఉన్నది ఒకటే కోరిక. "అక్కా, నేను చెయ్యి పెట్టక్కర్లేని నీళ్ళు ఒక్కసారి చూడాలే. కుర్చీలో కూర్చుని ఊరికే చూడాలి. ఆ నీళ్ళల్లో ఎవరి దుప్పటీ తేలకూడదు" అనేది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ముతో నగ కొనుక్కోలేదు, సోఫా కొనలేదు. తనకూ మొగుడికీ ఓడ టికెట్లు కొంది. సముద్రం మీద తిప్పి, రెండు మూడు దేశాల రేవులు చూపించి, మళ్ళీ తెచ్చి దింపే ఓడ.

ఇక మా మరిది. బజారు మూల మీద ఆయనకు చిన్న దుకాణం ఉంది. జిరాక్స్ తీస్తాడు, లామినేషన్ చేస్తాడు. మనిషి మంచివాడే. ఈగను కూడా కొట్టడు, తోలి పంపిస్తాడు. కానీ కాగితం కనబడితే మాత్రం దానికి ప్లాస్టిక్ తొడగందే ఆయన చేతులు ఊరుకోవు. "ప్లాస్టిక్ లేని కాగితమంటే చొక్కా లేని మనిషే వదినగారూ!" అంటాడు. పెళ్ళి సర్టిఫికెట్టుకు చొక్కా తొడిగాడు. కరెంటు బిల్లుకూ తొడిగాడు. మందుల చీటీకి తొడిగితే, డాక్టరు దాని మీద ఇంకో మందు రాయబోయి, కలం జారి, బల్ల మీద రాశాడు. గోడ కేలండరుకు తొడిగితే పేజీ తిరగక, ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఒకే నెల నడిచింది. వీధిలో అందరూ ఆయన్ని 'ప్లాస్టిక్ బావ' అంటారు. ఆయనేమో అది బిరుదనుకుంటాడు.

ఆ రోజు పొద్దున్న మా చెల్లెలు వేసుకున్న పథకం చిన్నది. ఓడకు ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో తేల్చుకుని, వాటిని చేతిసంచిలో సర్ది, తర్వాత కొత్త చెప్పులు కొనుక్కోవాలి. అంతే. టికెట్లు అమ్మినావిడ ముందురోజే ఫోనులో అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. "పాస్‌పోర్టు ఒక్కటి చాలమ్మా. ఇంటి కాగితాలన్నీ మోసుకురాకండి. పెద్ద పెట్టెలో మాత్రం వెయ్యొద్దు. పెట్టెల్ని రేవులోనే మన దగ్గర తీసుకుని వేరే దారిన ఎక్కించేస్తారు. పాస్‌పోర్టు అందులో ఉంటే పెట్టె ఓడలో ఉంటుంది, మీరు గట్టు మీద ఉంటారు. ఓ జిరాక్స్ తీసి వేరే సంచిలో పెట్టుకోండి."

మా చెల్లెలు ఆ మాటే మొగుడికి అప్పజెప్పింది. "ఏమండీ, ఈ రెండు పాస్‌పోర్టులూ షాపుకు పట్టుకెళ్ళి జిరాక్స్ తీసుకురండి. జిరాక్స్ మాత్రమే. వింటున్నారా?"

"నాకా చెబుతున్నావు? నా వృత్తే అది కదే!"

"అందుకే చెబుతున్నాను."

ఆయన వెళ్ళాడు. టీ చల్లారింది, చెప్పుల షాపు తెరిచే వేళయింది, ఆయన రాలేదు. చివరికి ముఖం చాటంత చేసుకుని వచ్చాడు.

"ఇదుగో, కళ్ళు మూసుకో."

"జిరాక్స్ చూడటానికి కళ్ళెందుకు మూసుకోవాలండీ?"

"మూసుకోవే, చెబుతా."

అది మూసుకుంది. చేతిలో ఏదో పలకలాంటిది పడింది. కళ్ళు తెరిచి చూస్తే తన పాస్‌పోర్టు! పుస్తకాన్ని చేపను చీల్చినట్టు నడిమికి విప్పి, ఫొటో పేజీ పైకి వచ్చేలా పరిచి, అటూ ఇటూ మందపాటి ప్లాస్టిక్ వేసి, అంచులు కూడా అతికేశాడు మహానుభావుడు. జిరాక్స్ తీయమంటే అసలుకు చొక్కా తొడిగాడు!

"సముద్రమంటే మాటలా? కాగితానికి నీళ్ళకు మించిన శత్రువు లేదు. ఇక నువ్వు దీన్ని నడిసముద్రంలో పారేసినా చుక్క లోపలికి పోదు" అన్నాడు.

"అంటే నేను మునిగినా నా పాస్‌పోర్టు తేలుతుందన్నమాట" అంది మా చెల్లెలు. "మరి మీదేది?"

ఆయన జేబులోంచి తనది తీశాడు. పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది, దాని మీద ప్లాస్టిక్ ఆనవాలు కూడా లేదు. "ముందు నీదే చేశాను. అంత లావుది మింగేసరికి మిషనుకు గొంతులో అడ్డం పడింది. పొగొచ్చి ఆగిపోయింది. పోనీలే, నాది తడిస్తే తడిసింది. నీది భద్రంగా ఉంటే నాకంతే చాలు" అన్నాడు. ఆ కంట్లో నీటిపొర కూడా మెరిసింది. త్యాగం చేశాననుకున్నాడు పాపం!

మా చెల్లెలికి అనుమానం వచ్చింది. టికెట్లావిడకు వీడియో కాల్ చేసి, ఆ పలకను చూపించింది.

"లోపలి పేజీలు తెరవండమ్మా" అంది ఆవిడ.

"తెరుచుకోవండీ."

"ముద్రలు వేసే పేజీలమ్మా. ఒక్కో రేవులో అడుగుతారు."

"అవే తెరుచుకోవు."

ఆవిడ తేల్చి చెప్పేసింది. "అది ఇప్పుడు పాస్‌పోర్టు కాదమ్మా. అన్నం పళ్ళెం కింద వేసుకునే పలక. దాంతో మిమ్మల్ని ఓడ మెట్టు కూడా ఎక్కనివ్వరు."

అప్పుడు లేచింది చూడండి మా చెల్లెలు! "ఇన్నేళ్ళు ఆస్పత్రి మురికంతా ఈ రెండు చేతుల్తో ఉతికి, ఒక్క కోరిక కోరుకుంటే, దాన్ని కూడా ప్లాస్టిక్‌లో పెట్టి అతికేస్తారా? నాదొక్కటే దొరికిందా మీకు? ముందు మీ ముఖం పెట్టలేకపోయారా ఆ మిషన్లో!"

"అరవకే! వేసినవాణ్ణి తీయలేనా? ఇస్త్రీపెట్టె ఇలా తే" అన్నాడాయన.

"వేడి పెట్టొద్దండీ. బట్టల వేడి నాకు తెలుసు, కాగితం వేడి మీకు తెలీదు" అని అది మొత్తుకుంటూనే ఉంది. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. పైన గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె తిప్పాడు. ప్లాస్టిక్ లేచింది, లేవలేదని అనను. దాంతో పాటు ఫొటోలో మా చెల్లెలి ముక్కు కూడా లేచి వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఇద్దరూ పాస్‌పోర్టు ఆఫీసుకు పరుగెత్తారు. దారిలో ఆయన షాపు దగ్గర ఆగి, ఇంటి కాగితాలన్నీ పెట్టుకునే గుడ్డసంచి భుజాన వేసుకున్నాడు. ఆ తొందరలో దానికి బదులు పక్కనున్న ఇంకో సంచి తగిలించుకున్నాడని తర్వాత తెలిసింది. అది ఖాతాదారుల సంచి. లామినేషన్‌కు ఇచ్చి ఇంకా పట్టుకెళ్ళనివాళ్ళ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

కిటికీ అవతల ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు మీద, చూపు దాని పైనుంచి. మా మరిది ఇద్దరి పాస్‌పోర్టులూ ఆవిడ ముందు పెట్టాడు. ముక్కు లేని ఫొటోను చూసింది, ఎదురుగా ముక్కుతో ఉన్న మనిషిని చూసింది. "ప్రయాణం దగ్గర్లో ఉంది కాబట్టి అత్యవసరంగా కొత్తది ఇవ్వొచ్చు. మీరు మీరేనని నాకు రుజువు కావాలి. పుట్టిన సర్టిఫికెట్టు ఉందా?"

"ఎందుకు లేదు మేడమ్! నా దగ్గర ఏ కాగితమూ పోదు" అని మా మరిది సంచిలో చెయ్యిపెట్టి, ఒకటి లాగి, గర్వంగా అందించాడు.

ఆవిడ చదివింది. "ఇది మగబిడ్డదండీ."

"పొరపాటు. ఇదుగో ఇంకోటి."

"ఇది టాక్సీ పర్మిట్టు."

"ఇది?"

"సంగీతం పాసైన సర్టిఫికెట్టు. వేరే ఆవిడది."

ఆయన చెమటలు కక్కుతూ సంచి బోర్లించాడు. ఊళ్ళోవాళ్ళ పుట్టుకలు, చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ తళతళలాడుతూ బల్ల మీద జారిపడ్డాయి. ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ఇంతమంది కాగితాలు మీ సంచిలో ఎందుకున్నాయి? పాస్‌పోర్టేమో ఫొటో చెడగొట్టి తెచ్చారు. గార్డూ, ఆ తలుపు వెయ్యి."

చూశారా అన్యాయం! బతుకంతా మరకలు వదిలించిన మనిషి మీద దొంగ కాగితాల మరక! మా చెల్లెలు బల్ల మీద చెయ్యి వేసి నిలదీసింది. "ఏంటమ్మా మీరనేది? ఈయన దొంగైతే నేను ఈపాటికి ఓడ కొనుక్కునేదాన్ని! ఈయనకు కాగితం మీద ప్రేమ, అంతే. కావాలంటే వాళ్ళనే పిలిచి అడగండి."

"పిలుస్తాను" అంది ఆవిడ. కాగితాల మీద మా మరిది అంటించుకున్న చీటీల్లోని నంబర్లకు వరసగా ఫోన్లు చేసింది.

వాళ్ళొచ్చారు. ఎలా వచ్చారనుకున్నారు? దండయాత్రకు వచ్చినట్టు వచ్చారు! మా మరిది "నా ఖాతాదారులు! నా మంచితనం చెబుతారు చూడు" అని నిటారుగా నిలబడ్డాడు. ముందుగా టాక్సీ డ్రైవరు విరుచుకుపడ్డాడు.

"బావా! నాకు నకలుకు ప్లాస్టిక్ వెయ్యమంటే అసలుకు వేశావంట కదయ్యా! ఈ ఏడాది ముద్ర ఎక్కడ వేయించుకోను, నా నెత్తి మీదా?"

సంగీతం టీచరు అందుకుంది. "నా ఉద్యోగం ఊడగొట్టేవాడివే నువ్వు! కిందటిసారి ఇచ్చిన సర్టిఫికెట్టు పట్టుకెళ్తే, ఉబ్బెత్తు ముద్ర వేలికి తగలట్లేదు, ఇది నమ్మలేమన్నారు!"

"వానొస్తే తెలుస్తుందమ్మా నా విలువ" అని గొణిగాడాయన.

"వాన మా ఇంట్లో పడదయ్యా!" అంది బేకరీ నడిపే ఆవిడ. ఆ మగబిడ్డ సర్టిఫికెట్టు ఆవిడ కొడుకుదే. ఆవిడ చేతులకు పిండి కూడా ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

అందరూ ఒక్కసారి అరుస్తుంటే ఆఫీసరమ్మ బల్ల మీద గట్టిగా తట్టింది. "ఆగండి! ఈయన ఎవరో మీకు తెలుసని అర్థమైంది. ఈమె ఎవరో తెలుసా?"

"తెలీకపోవడమేంటండీ!" అన్నాడు డ్రైవరు. "ఈయన పెళ్ళాం. ఇంకొకరైతే ఈయన పక్కన ఇంత ఓపిగ్గా నిలబడతారా?"

"పేరుతో సహా తెలుసు" అంది టీచరు.

బేకరీ ఆవిడ మాత్రం గొంతు తగ్గించింది. "మా అమ్మ ఆస్పత్రిలో పోయినరోజు, చివరగా కప్పిన దుప్పటి నాకు కావాలని ఏడిస్తే ఎవరూ పట్టించుకోలేదు మేడమ్. ఈవిడే తన చేత్తో ఉతికి, మడిచి, తెచ్చి ఇచ్చింది. ఈవిడ ఎవరో నన్నా అడుగుతారు?"

మా చెల్లెలు తలొంచుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది, అదే ఫొటోలో పోయిన ముక్కు.

ఆఫీసరమ్మ సొరుగు లాగి దరఖాస్తు తీసింది. "కాగితం లేనప్పుడు, మనిషిని ఎరిగినవాళ్ళు సంతకం పెడితే చాలని నిబంధన ఉంది. మామూలుగా ఇద్దర్ని తీసుకురమ్మంటే ఎవరికీ దొరకరు. మీకు గదినిండా ఉన్నారు. పెడతారా?"

"ఈయన కోసమైతే చచ్చినా పెట్టను. ఆవిడ కోసమైతే రెండు చేతులతో పెడతా" అన్నాడు డ్రైవరు. మా మరిదిని తిట్టడానికి వచ్చినవాళ్ళంతా వరసలో నిలబడి, మా చెల్లెలు మా చెల్లెలేనని రాసిచ్చారు.

"హమ్మయ్య" అని మా మరిది తన పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపాడు. ఆఫీసరమ్మ దాన్ని సొరుగులో వేసి తాళం తిప్పింది.

"ఇది ఇక్కడే ఉంటుంది. ఎవరి కాగితాలు వాళ్ళకు చేరి, విచారణ ముగిసేదాకా."

"అన్యాయం మేడమ్! ఇంతమందిలో శుభ్రంగా ఉన్నది నాదొక్కటే కదా!"

"నా అనుమానం కూడా అదేనండీ. ఊళ్ళో అందరివీ మూసేసి, మీదొక్కటే తెరిచి ఉంచుకున్నారెందుకు?"

"మిషను కాలిపోయింది మేడమ్!"

"విచారణలో చెప్పండి."

ఓడ బయల్దేరేలోపు మా చెల్లెలికి కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ముక్కుతో సహా. ఆయనది సొరుగులోనే ఉండిపోయింది. పెట్టె సర్దుతుంటే ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నన్ను వదిలేసి ఒక్కదానివే వెళ్తావటే?"

"నాకు చెయ్యి పెట్టక్కర్లేని నీళ్ళు కావాలండీ. మీరు పక్కనుంటే మీ చేతులు ఊరుకుంటాయా?"

పెట్టెను రేవుదాకా ఆయనే మోశాడు. పాస్‌పోర్టు జోలికి పోలేదు, దానివైపు చూడను కూడా చూడలేదు. ఇప్పుడు షాపులో కూర్చుని, ఒక్కొక్కరికీ కొత్త కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి సిద్ధమవుతున్నాడు. తిరగనీయండి. నాకేం జాలి లేదు. ఉన్నా కొంచెమే.

ఓడలోంచి నాకు ఫోను వచ్చింది. "అక్కా, కుర్చీలో కూర్చున్నా. నీళ్ళు చూస్తున్నా."

"ఎలా ఉన్నాయే?"

"ఎంత ఉన్నాయో! ఎవ్వరూ నన్ను ఉతకమనడం లేదు" అని గలగలా నవ్వింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఓడ ఎక్కగానే ఒక్కొక్కరికీ ఓ చిన్న కార్డు ఇచ్చారట. గది తలుపు తీయాలన్నా, భోజనానికి వెళ్ళాలన్నా, రేవులో దిగి మళ్ళీ ఎక్కాలన్నా అదే చూపించాలట. ఎవరు ఎవరో దానితోనే తెలుస్తుందట.

ఈ కథ గుర్తుంచుకోండమ్మా. ప్రయాణాలు కట్టేవాళ్ళు కనబడితే వదలకుండా చెప్పండి, ఇళ్ళల్లో ఇలాంటి మొగుళ్ళున్న ఆడవాళ్ళకు రెండుసార్లు చెప్పండి. మా మరిదికి మాత్రం ఆ ఓడ కార్డు ప్లాస్టిక్‌దని ఎవరూ చెప్పకండి.