యథాస్థితిలో తాబేటికొండ

భూమ్మీద ఏ కొండకైనా రెండే యుగాలు: ప్రభుత్వానికి తెలియని యుగం, తెలిసిన యుగం. మొదటి యుగంలో కొండ తన బతుకేదో తాను బతుకుతుంది. రెండో యుగంలో దానికి భవిష్యత్తు ఏర్పడుతుంది. బొబ్బిలికి కొంచెం ఎగువనున్న తాబేటికొండకు ఈ మహాభాగ్యం అరవయ్యెనిమిదో సంవత్సరంలో పట్టింది. పట్టించినవాడు సాక్షాత్తూ దాని యజమాని గంగులే.

కొండకు యజమాని ఏమిటని నవ్వకండి. ఒక చిన్న జమీందారు గారి గుర్రానికి కడుపునొప్పి నయం చేసినందుకు గంగులు తాతకు ఆ కొండ బహుమానంగా వచ్చింది (నాగలి దిగే నేల అయితే వచ్చేది కాదు). పట్టా గంగులుదే గాని, కొండ ఊరందరిదీ. ఆడవాళ్ళు అడ్డాకులకూ చీపురుపుల్లలకూ ఎక్కేవారు. పిల్లలు జారుడుబండ మీద నిక్కర్లు చింపుకునేవారు. కార్తీకంలో ఊరు ఊరంతా పైకెక్కి ఉసిరిచెట్ల కింద వండుకు తినేది. ఇంట్లో పెళ్ళాంతో పడనివాడు ఎక్కి, ఆ గాలికి మనసు కుదుటపడ్డాక దిగేవాడు. వీటన్నిటికీ కలిపి ఒకటే కట్టుబాటు. ఎక్కేవాడు కిందనుంచి ఒక రాయి పట్టుకెళ్ళి పైనున్న కొండమ్మ తల్లి దగ్గర పెట్టాలి. ఎందుకని అడిగితే, తల్లి దగ్గరికి వట్టి చేతులతో వెళ్తారా అని ఎదురడిగేవారు. తాతలనాటినుంచి అలా పేరిన రాళ్ళు ఇల్లంత కుప్ప అయ్యాయి.

రోడ్ల కాంట్రాక్టరు అప్పలసూరి కన్ను ఆ కొండ మీద పడింది. "మావా, ఆ కొండ నువ్వేటి సేసుకుంతావు? నాకిచ్చీ, కంకర కొట్టుకుంతాను" అన్నాడు.

"పేణం పోయినా ఇవ్వను" అన్నాడు గంగులు.

అప్పలసూరికి కోపం రాలేదు. "పేణం పోయినాక నీ అన్నకొడుకులిస్తారులే. కొండెక్కడికి పోతాది?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

గంగులుకు ఆనాటినుంచి తిండి సహించలేదు. పిల్లల్లేని మనిషి. అన్నకొడుకుల సంగతి తెలిసిన మనిషి. కొండను ఎవరూ కొట్టకుండా, అందరూ ఎక్కేలా ప్రభుత్వానికే రాసిచ్చేస్తానని భార్య మరిడమ్మతో చెప్పాడు.

"కొండ ఎలగున్నాదో అలగే ఉండాలని సర్కారోళ్ళకి సెప్పడమేటి మావా? ఇప్పుడలగే ఉన్నాది గదా!"

"కాయితం ఉండాలే."

"కాయితం నేకపోబట్టే ఉన్నాది" అంది మరిడమ్మ. ఆడదానికి పాలనా వ్యవహారాలు ఏం తెలుస్తాయని గంగులు శ్రీకాకుళం బస్సెక్కాడు.

అక్కడ యథాస్థితి పరిరక్షణ ఉపశాఖ అని ఒకటి ఉండేది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం దాని విధి (గదిలో బూజు చూస్తే ఎంత నిష్ఠగా పనిచేస్తున్నారో తెలిసేది). దాని ప్రత్యేకాధికారి జగన్నాధం గారు గంగులు మాటలు శ్రద్ధగా విన్నారు.

"కొండను ఏ ప్రయోజనం కోసం ఇస్తున్నావు?"

"ఒగ్గీడానికి బాబూ."

"వదిలేసి ఏం చేద్దామని?"

"ఒగ్గీడమే బాబూ. ఎవులూ కొట్టకూడదు. సెట్లుండాల, ఎలుగొడ్లుండాల. జనం ఎక్కాల, దిగాల."

జగన్నాధం గారికి జాలేసింది. తవ్వడానికీ, పూడ్చడానికీ, కట్టడానికీ, కూల్చడానికీ మామూలు మంజూరు చాలు. ఏమీ చేయకుండా ఉండాలంటే మాత్రం ప్రత్యేక మంజూరు కావాలని ఓపిగ్గా వివరించారు. పైగా ప్రజావిహారం కింద ఇవ్వాలంటే ప్రజలు ఎక్కుతున్నట్టూ, ఎక్కి ఆనందిస్తున్నట్టూ నిర్ధారణ కావాలి. పెళ్ళాంతో పడక ఎక్కేవాడు ఆనందించేవాడి కిందికి వస్తాడా అని ఆయన సందేహపడ్డారు. దిగేటప్పుడు వస్తాడని ఆయనే తీర్మానించుకున్నారు.

"సరే, అసలు జనం ఎక్కుతున్నారనడానికి రుజువేమిటి?"

గంగులు మొహం వెలిగిపోయింది. "ఇల్లంత రుజువున్నాది బాబూ. మీరొచ్చి సూడండి!"

ఇంటికొచ్చాక ఇల్లంత రుజువు చాలదేమోనని భయం పట్టుకుంది. ఊళ్ళో గడపగడపకూ తిరిగి, ఆఫీసరుగారొచ్చేలోపు తలా కొన్ని రాళ్ళు మోయమని బతిమాలాడు. ఊరు కదిలింది. మోకాళ్ళ నొప్పులతో మరిడమ్మ కూడా తిట్టుకుంటూనే మోసింది. ఆఫీసరు జీపు దిగేనాటికి కుప్ప మేడంత అయింది.

జగన్నాధం గారు ఆయాసపడుతూ పైకెక్కారు. చల్లగాలి తగిలింది. "ఆహా" అన్నారు (ఈ మాట నివేదికలో చేరలేదు). తరవాత కుప్పను చూశారు.

"ఈ రాయి ఎవరు కొట్టారు?"

"ఎవులూ కొట్టనేదు బాబూ. కిందనుంచి మోసుకొచ్చినారు."

"కిందనుంచి? కొండ మీదికి? రాళ్ళా?"

"అవును బాబూ, ఊరంతానూ!"

"ఏమయ్యా, నా సర్వీసంతా కొండల మీదనుంచి రాళ్ళు దిగడం చూశాను గాని, ఎక్కడం చూళ్ళేదు. నిబంధనల్లోనూ లేదు."

గంగులుకు మాట సాయం చేద్దామని ఊరంతా ఒక్క గొంతుతో, "నానూ తెచ్చినాను బాబూ, నానూ తెచ్చినాను" అని అరిచారు. దాంతో ఒక్కడి నేరం కాస్తా గ్రామ నేరమైంది.

ఉత్తర్వు త్వరగానే వచ్చింది. తాబేటికొండను ప్రకృతి కోసమూ ప్రజల విహారం కోసమూ ప్రభుత్వం సంతోషంగా స్వీకరించింది. అయితే అక్రమంగా కొట్టి దాచిన రాయివల్ల యథాస్థితి చెడింది కనుక, ముందు ఆ కుప్పను తొలగించాలి. తొలగించడానికి టెండరు పిలిచారు. అప్పలసూరికి వచ్చింది. కుప్ప దించాలంటే లారీ ఎక్కాలి. లారీ ఎక్కాలంటే రోడ్డు కావాలి. రోడ్డుకు కంకర కావాలి. కంకర కోసం దూరం వెళ్ళడం ప్రజాధనం దుబారా అని తేల్చి, కొండనే కొట్టారు. రోడ్డు పూర్తయ్యేసరికి జారుడుబండ లేదు, ఉసిరిచెట్లు లేవు. కొండమ్మ తల్లిని ఎటు తీసుకుపోయారో ఎవరూ చెప్పలేకపోయారు. కింద మాత్రం బోర్డు నిలబెట్టారు: "ఇది ప్రజల విహారార్థం పరిరక్షించబడిన కొండ. ప్రజలు లోనికి రాకూడదు."

గంగులు ఆ బోర్డు కింద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. మరిడమ్మ ఎత్తిపొడవలేదు. కొంగుతో మొహం తుడిచి, చెయ్యి పట్టి లేపుతూ, "నెగు మావా" అని మాత్రం అంది.

మరుసటి కార్తీకానికి జగన్నాధం గారు స్వయంగా వచ్చి, ఊరిని పోగుచేసి కొత్త ఉత్తర్వు చదివారు. తాబేటికొండ ఎత్తు తగ్గినట్టు ప్రభుత్వం విచారంతో గమనించింది. దాన్ని తిరిగి యథాస్థితికి తేవడంలో ప్రజలకు భాగం కల్పించదలచింది. కనుక ఇకపై జనం కొండ ఎక్కవచ్చు. ఎక్కే ప్రతివాడూ ఒక రాయి తీసుకెళ్ళి పైన పెట్టాలి.

ఊరు నోరు తెరుచుకుని వింది. గంగులు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నానూ అదే గదా బాబూ సెప్పినాను!" అంటూ వంగి కాళ్ళ దగ్గరున్న రాయి తీశాడు.

"ఆఁ ఆఁ, అది ముట్టుకోకు! అది పరిరక్షిత ప్రాంతపు రాయి" అన్నారు జగన్నాధం గారు.

"మరి రాయెక్కడిది బాబూ?"

"అప్పలసూరి గారి యార్డులో అమ్ముతారు. రసీదు జాగ్రత్త. అది లేకుండా ఎక్కితే కేసు పెడతారు."