తెలివిలో గుట్టలూ గుంటలూ

మా ఆవిడ ఇన్షిరాహ్ యాభై దాటాక డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని కారు తాళం అడిగింది. ఇవ్వనని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆమె అక్క కూతురు రాగియా కైరోలోనే మనస్తత్వ శాస్త్రం చదువుతోంది. పెద్దవాళ్ళ తెలివి కొలిచే పరీక్ష పెట్టడం నేర్చుకుంటూ, మనుషుల కోసం వెతుకుతోంది.

"ఇద్దరం కూర్చుందాం," అన్నాను. "ఎవరికి ఎక్కువ మార్కులొస్తే తాళం వాళ్ళది."

"ఓడిపోతే అలగరు కదా?"

"నేనా! ఓడిపోవడమా!"

పదాల అర్థాలు అడుగుతారని ముందే కూపీ లాగాను లెండి. ఏళ్ళ తరబడి బళ్ళో అరబ్బీ వ్యాకరణం చెప్తున్నవాణ్ణి. "ఒక్క అర్థం చాలు బాబాయ్," అని పరీక్షలో రాగియా బతిమాలినా ఆగలేదు.

తర్వాత ఎరుపూ తెలుపూ ఘనాలిచ్చి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. నేను పేర్చింది ఆ బొమ్మకి దూరపు చుట్టం కూడా కాదు.

ఇన్షిరాహ్ వంతు కూడా అయ్యాక రాగియా లెక్క తేల్చింది. "బాబాయ్, మాటల్లో మీది గుట్ట. ఘనాల్లో గుంట. పిన్నిది సరిగ్గా తలకిందులు."

"ఒకే తలలో గుట్టా గుంటా ఎలా ఉంటాయే?" నాకు నిజంగానే వింతగా అనిపించింది.

"అందరికీ కొంచెం ఉంటాయి. మీ ఇద్దరికీ మరీ ఎక్కువ. ఇలాంటప్పుడు మొత్తం చూసి ఏమీ చెప్పలేం."

"అయినా, మొత్తం ఎవరిది ఎక్కువ?"

"మీదే. వెంట్రుకవాసి."

"సరే, తాళం మీదే," అంది ఇన్షిరాహ్ మెత్తగా. "మా అమ్మ మనకోసం భోజనానికి ఎదురుచూస్తోంది. కారు తియ్యండి." ఆ మెత్తదనం చూసైనా నేను జాగ్రత్త పడాల్సింది.

మా షుబ్రా పేట సందులో కార్లు అడ్డదిడ్డంగా పెట్టి, గేరూ బ్రేకూ వెయ్యకుండా వదిలేస్తారు. దారి కావలసినవాళ్ళు నెట్టుకోవాలి. ముందున్న తెల్లకారుని నెట్టాను. అది పోయి చిక్కుడుగింజల బండికి అడ్డంగా నిలబడింది. పక్కనున్న నీలం కారుని నెట్టాను. పళ్ళ డాక్టరు గుమ్మం మూసుకుపోయింది.

"మాస్టారూ! ఏం చేశారండీ బాబూ! నా బండి ఎటు పోవాలి?" అని గింజలవాడు కేకలేశాడు. స్వచ్ఛమైన అరబ్బీలో సుదీర్ఘంగా క్షమాపణ చెప్పాను. ఒక్క కారూ కదల్లేదు.

తలెత్తి చూస్తే ఇన్షిరాహ్ బాల్కనీలో పుచ్చగింజలు కొరుకుతోంది.

"ఏది ముందు నెట్టాలో చెప్పవే!"

బాల్కనీలోంచి తాడు కట్టిన కూరల బుట్ట మెల్లగా కిందికి దిగింది. ఖాళీ బుట్ట. సందంతా చూస్తుండగా తాళం అందులో వేశాను.

"తెల్లది వెనక్కి! నీలంది గోడవైపు! ఇప్పుడు తెల్లది ముందుకి!" పైనుంచి ఇన్షిరాహ్ చెప్పినట్టే నెట్టాను. క్షణంలో దారి తెరుచుకుంది.

ఆవిడ కిందికి దిగి స్టీరింగు ముందు కూర్చుంది. "ఎక్కండి. ఆలస్యం ఎందుకైందో మా అమ్మకి మీరే చెప్పాలి. మాటల్లో మార్కులు మీకే కదా ఎక్కువొచ్చాయి."

షుబ్రా దాటినా నేనింకా మొదటి వాక్యమే కూర్చుకుంటున్నాను.