ముడతలు లేని తాతగారు

కొత్త బజార్లో గిరాకీ బాగుంటుందని ఫొటో స్టూడియో ఆయన దుకాణం మార్చాడు. దుకాణంతో పాటు ఇల్లు మారింది, ఇంటితో పాటు అమ్మాయి హైస్కూలు మారింది. గిరాకీ మాత్రం ఏమీ మారలేదు.

పాత బడిలో ఆ అమ్మాయి లేకుండా నాటకం లేదు. కొత్త బడిలో నాటకం జట్టు అప్పటికే నిండిపోయింది. ఇప్పుడు కాలేజీ దరఖాస్తులో ‘చదువు కాక ఇంకేం చేశారు?’ అన్నచోట ఆఖరి ఏడాది ఖాళీ. అది తలచుకున్నప్పుడల్లా ఆయనకి గుండెలో కలుక్కుమంటోంది. పిల్లకి సీటు రాకపోతే ఆ పాపం తనదే.

“ఒక్క ఆదివారం నాకు వదిలెయ్. ఏడాదంతా సృష్టించేస్తాను,” అన్నాడు భార్యతో.

“బ్రహ్మదేవుడు కూడా అంత తొందరపడలేదండీ,” అంది ఆవిడ. ఆవిడ కోర్టులో స్టెనో. ఆవిడ ముందు నోరు జారితే ఆ మాట తిరిగి మింగడానికి వీల్లేదు. “ముందు అమ్మాయినడగండి, ఈ ఏడాది ఏం చేసిందో.”

“ఏం చేసింది? సాయంత్రమైతే మన దుకాణంలో కూర్చుంది. అదీ ఓ పనేనా?”

ఆవిడ అదోలా చూసి ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే భయపడాలని పెళ్లైన ఇన్నేళ్లకీ ఆయనకి తెలియలేదు.

ఆదివారం, “వద్దు నాన్నా” అంటున్న కూతుర్ని బతిమాలి కెమెరా ముందుకి లాగాడు. తోడుగా కింది వాటా తాతగారిని పట్టుకొచ్చాడు. ఫొటో అంటే ప్రాణం పెట్టే మనిషి. టోపీ పెడితే అమ్మాయి దగ్గర ఫోను నేర్చుకునే పెద్దమనిషి, తలకి కట్టు కడితే వైద్య శిబిరంలో రోగి, చేతికి కర్ర ఇస్తే రోడ్డు దాటలేని వృద్ధుడు. అన్ని వేషాలూ ఆయనే వేశారు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక మాత్రం స్టూడియో ఆయన చెయ్యి ఊరుకోలేదు. ముడత కనబడితే తుడవకుండా ఫొటో బయటికి పంపిన పాపాన పోలేదాయన. బుగ్గలు నునుపు చేశాడు, జుట్టు నల్లబరిచాడు, మురిసిపోతూ బడికి పంపేశాడు.

మర్నాడు బడిలో కాలేజీ దరఖాస్తులు చూసే కౌన్సెలర్ మేడమ్ భార్యాభర్తలిద్దర్నీ పిలిపించింది. ఫొటో ముందుకు తోసింది.

“మీ అమ్మాయి చెయ్యి పట్టుకుని నడుస్తున్న ఈ కుర్రాడెవరండీ?”

“కుర్రాడు కాదు మేడమ్, వృద్ధుడు.”

మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. “ఎంత వృద్ధుడు?”

“మనవలున్నారు మేడమ్.”

“అంటే పెళ్లైనవాడా!”

ఊబిలో పడ్డవాడు గింజుకున్నకొద్దీ లోపలికే పోతాడు. “అయ్యో, కాదు మేడమ్, ఈ రోగి కూడా ఆయనే,” అని స్టూడియో ఆయన తనే ఒక్కో ఫొటో చూపించి మరీ గుట్టంతా బయటపెట్టేసుకున్నాడు.

భార్య గొంతు సవరించుకుంది. “ఇవి పక్కన పెట్టెయ్యండి మేడమ్. మా అమ్మాయి మీకు నిజం చెప్పింది కదా.”

“పోయిన వారమే చెప్పింది. పాస్‌పోర్టు ఫొటోకని తెచ్చిన పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే, కోతిలానో ముసలమ్మలానో నటించి నవ్విస్తుందట కదా! జట్టులో చోటు లేదని కౌంటరు వెనకే నాటకమాడింది. బడి మారడం వల్ల వచ్చిన ఖాళీ కూడా దాచకుండా రాసింది. ఇంతకన్నా ఏం కావాలండీ?”

పిల్లలు నవ్వేది తన హస్తవాసి వల్లే అనుకున్నాడు ఆయన ఇన్నాళ్లూ. దుకాణంలో తన పక్కనే నిలబడ్డ కూతురు ఏం చేస్తోందో ఒక్కసారీ చూడలేదు. ఓపక్క సిగ్గేసింది, మరోపక్క పిల్ల మీద ప్రేమ పొంగుకొచ్చింది.

“దుకాణం యజమానిగా నేను సంతకం పెడతాను మేడమ్!”

“వద్దులెండి. ఆ పిల్లల తల్లుల చేత మీ ఆవిడ ఎప్పుడో చెప్పించారు. మీ సాక్ష్యం చెల్లదని ఆవిడే అన్నారు.”

సాయంత్రం దుకాణం తెరవగానే ఓ పసివాడు గుక్కపట్టాడు.

“అమ్మాయ్, ఓసారి రావే!”

“రేపు కాలేజీ ఇంటర్వ్యూ నాన్నా, చదువుకోవాలి. నేను కాలేజీకి వెళ్లిపోయాక నువ్వే చెయ్యాలిగా, కోతితో మొదలెట్టు,” అని పుస్తకాలు పట్టుకుని ఇంటికి బయల్దేరింది.

ఆయన బుగ్గలు ఉబ్బించి, చంక గోక్కుని, కౌంటరు మీదికి ఎగిరాడు. పసివాడి ఏడుపు రెట్టింపైంది. తల్లి వాణ్ణి భుజాన వేసుకుని లేచింది.

“అమ్మాయి ఉన్నప్పుడు వస్తాం లెండి,” అంది.