సెకార్ పెట్టిన అగ్నిపరీక్ష

ఆ ఉదయం సెకార్ అనుకున్న పని చాలా చిన్నది. బడి హెడ్‌మిస్ట్రెస్ విదార్తి వచ్చేలోగా, తాను సొంతంగా కూర్చిన కంప్యూటరును ఓ గంట ఆపకుండా దంచి చూడాలి. నిలబడితే బడికి కావలసిన కంప్యూటరు ల్యాబు ఆర్డరంతా తనకే. లేదంటే క్లాతెన్ పట్నం బజారులోని పెద్ద దుకాణానికి పోతుంది. అట్టపెట్టె మీద దుమ్ము తుడవడమే పరీక్ష అనుకునే మనుషులు వాళ్లు! తలుచుకుంటేనే సెకార్‌కు ఒళ్లు మండిపోయేది.

ఆమె వాడే ప్రోగ్రాము ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, లోపలి గుట్టుతో సహా లోకానికి ఊరికే ఇచ్చేసినది. కంప్యూటరు చేత పనికిరాని లెక్కలు చేయిస్తూ దానికి ఊపిరి సలపనివ్వదు.

"పనికిరాని లెక్కలైతే చేయించడం దేనికే?" అంది అత్తగారు పార్ని, సోయాగింజలతో చేసిన టెంపే ముక్కలు వేయిస్తూ.

"ఎంత వేడికి తట్టుకుంటుందో చూడ్డానికత్తయ్యా."

"పాపం, నిన్నేం చేసిందది?"

సెకార్ పరీక్ష మొదలుపెట్టింది. ఫ్యాన్లు హోరెత్తాయి. కాసేపటికి ఇల్లంతా కరెంటు పోయింది.

వాళ్ల మీటరు పదమూడు వందల వాట్లు దాటితే ఒప్పుకోదు, టక్కున పడిపోతుంది. ఇస్త్రీపెట్టె పెట్టేముందు అన్నం కుక్కరు ఆపాలని ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. సెకార్ వంటింట్లోకి దూసుకెళ్లి కుక్కరు ప్లగ్గు పీకేసింది.

"అన్నం సగమే ఉడికిందే!"

"మిగతా సగం మధ్యాహ్నం ఉడుకుతుంది!"

"మీటరు లేపానమ్మాయ్!" అని వసారాలోంచి మామగారు మార్తో కేకేశారు. ఈ ఇంట్లో సాయంచేసే మనిషి ఆయనొక్కరే అనుకుంది సెకార్.

రెండోసారీ అదే జరిగింది. ఈసారి నేరం నీళ్ల మోటారుది. ఆమె దాన్ని ఆపేసరికి స్నానాలగదిలోంచి అత్తగారి అరుపు వినిపించింది. "తలంతా సబ్బు పెట్టుకున్నానే! నన్నూ పరీక్షిస్తున్నావా?"

మూడోసారి పక్కింటి గియెమ్ వంతు వచ్చింది. "గోడమీంచి తీగేసి మా కరెంటు లాగుతున్నారా?" అని సెకార్ అడిగేసింది. గియెమ్ ముఖం కందగడ్డయింది. "మీ కరెంటు నాకెందుకమ్మా? మీరు అరువు తెచ్చుకున్న నా ఆవిరిగిన్నె నాకిచ్చెయ్!" అని వంటింట్లోకి వచ్చి మరీ పట్టుకుపోయింది.

సరిగ్గా అప్పుడే విదార్తి వచ్చింది. తలనిండా నురగతో అత్తగారు, గోడవతల గొణుగుతూ గియెమ్. సెకార్ పళ్లు బిగబట్టి మళ్లీ మొదలుపెట్టింది. హెడ్‌మిస్ట్రెస్ కళ్లముందే తెర నల్లబడింది.

సెకార్ వసారాలోకి పరుగెత్తింది. మార్తోగారి వేలు ఇంకా మీటరు మీట మీదే ఉంది.

"మామయ్యా! మీరా!"

"నువ్వా పెట్టె నడిపినప్పుడల్లా ఈ ఎర్రదీపం పూనకం వచ్చినట్టు ఆడుతోందమ్మా. మీటరు కాలిపోదూ? దానికి కాసేపు విశ్రాంతి ఇస్తున్నా. మళ్లీ నేనేగా లేపుతున్నా!"

"కరెంటు ఖర్చవుతోందని చెప్పే దీపం మామయ్యా అది!"

"ఖర్చవుతోందనేగా ఆపింది!"

సెకార్‌కు కోపంతో ఏడుపొచ్చింది. ఉడకని అన్నం, అలిగిన పొరుగు, చేజారిన ల్యాబు! పెద్దాయనని ఏమీ అనలేక గుమ్మాన్ని ఒక్క తన్ను తన్నింది. కాలికే దెబ్బ తగిలింది.

"ఎన్నిసార్లు ఆపారండీ?" అని వెనకనుంచి విదార్తి అడిగింది.

"నాలుగుసార్లు," అన్నారు మార్తోగారు గర్వంగా.

"అంత వేడిలో ఉండగా? ప్రతిసారీ మళ్లీ లేచిందా?"

"లేవక ఏంచేస్తుంది?" అంది సెకార్ ఉక్రోషంగా.

విదార్తి ముఖం విప్పారింది. "మా క్యాంటీన్‌లో టెంపే ముక్కలు వేయించే యంత్రం పెట్టినప్పుడల్లా బడంతా కరెంటు పోతుందమ్మా. ఇంతకుముందు కొన్న పెద్ద దుకాణం వాళ్ల కంప్యూటర్లు ఆ దెబ్బకే చచ్చాయి. ఈ పరీక్ష ఎవరూ పెట్టలేదు! ఇప్పుడు ఆయన్ని కాసేపు లోపల కూర్చోబెట్టి, ఆ గంట పరీక్ష కూడా చూపించు."

మామగారిని అత్తగారు గదిలో పెట్టి గడియ వేసింది. కంప్యూటరు గంటసేపూ నిలబడింది. ల్యాబంతా సెకార్‌కే ఇచ్చింది విదార్తి. ఒక్కటే షరతు, ప్రతి కంప్యూటరుకూ గంట పరీక్షా, మామగారి కరెంటు పరీక్షా రెండూ జరగాలి.

మర్నాటినుంచి మార్తోగారు మీటరు కింద కుర్చీ వేయించుకున్నారు. ఎవరు ఏ పనికి పిలిచినా "డ్యూటీలో ఉన్నాను" అంటున్నారు.